ఇరవై డిగ్రీలు

బాలానగర్‌లో మే నెల.
షెడ్డు రేకుల కింద నలభై రెండు.
ఆ షెడ్డు చివర, రెండు తలుపులు దాటితే, నా గది.
ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీలు.
బయట కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్న మధ్యాహ్నం
మేకుకున్న ఊదారంగు స్వెటర్ తీసి తొడుక్కుని
నేను వణుకుతూ కొలతలు తీస్తాను.

లోహం అబద్ధమాడదంటారు.
ఆడుతుంది.
ఎండలో ఒక మాట, నీడలో ఒక మాట.
అందుకే ఎప్పుడో దేశాలన్నీ కూర్చుని అనుకున్నాయి:
ఎక్కడ కోసినా, ఏ భాషలో గీసినా
కొలిచేది మాత్రం ఇరవై దగ్గర.
ఆ మాట మీద నేను సంతకం పెట్టలేదు గానీ
పదకొండేళ్లుగా కాపలా కాస్తున్నాను.

ఆ రింగు చలికాలంలో వెళ్లింది.
లోపలి వ్యాసం రెండువందల నలభై మిల్లీమీటర్లు.
నికెల్ మిశ్రమం, మహా మొండిది,
పది టూళ్ల అంచులు తిని గాని లొంగలేదు.
జాంగీరన్న బొటనవేలి గోరు అంచు మీద నడిపి
"ఇంకో ఈక ఉన్నది" అనేవాడు,
నా యంత్రానికి కనపడక ముందే.
"గిది ఏడ కూసుంటది బిడ్డా?"
కాగితాల్లో నంబరే ఉంది.
ఏదో ఇంజను, ఏదో పంపు, ఏదో ఆకాశం.
"మనకు చెప్పరన్నా."
"పేరు పెట్టకుండనే బడికి తోలినట్టుంది" అన్నాడు.

ఫిబ్రవరిలో ఫ్రాన్స్ నుంచి కాగితం:
మీ రింగు ఆరు మైక్రాన్లు తక్కువ.
తలవెంట్రుకను పన్నెండుగా చీలిస్తే అందులో ఒకటి.
వాళ్ల అంకెల్లో చుక్క ఉండాల్సిన చోట కామా ఉంటుంది.
ఆ కామా దగ్గర షెడ్డంతా ఊపిరి బిగబట్టింది.
మా ఓనరు బీపీ మాత్ర రెండోసారి వేసుకున్నాడు.

రింగును విమానంలో ఒళ్లో పెట్టుకుని ఎలోదీ వచ్చింది.
వచ్చీ రాగానే కొలుద్దామంది.
జాంగీరన్న అడ్డంగా తలూపాడు.
"జర దమ్ తియ్యనియ్యుండ్రి. మబ్బులల్లకెల్లి వచ్చింది."
తర్జుమా చేశాను. సగమే కుదిరింది.

రాత్రంతా రింగు గ్రానైట్ బండ మీద పడుకుంది.
మేం రోడ్డు మీద చాయ్ తాగాం.
ముంచిన ఉస్మానియా బిస్కెట్ విరిగి కప్పులో మునిగితే
ఎలోదీ తన భాషలో ఒక మాట అంది.
దానికి తర్జుమా అవసరం పడలేదు.

తెల్లారి కొలిస్తే, సరిగ్గా ఉంది.
ఆరు మైక్రాన్లూ తిరిగొచ్చాయి.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి
పెట్టె విప్పాక ఎంతసేపు ఆగారని అక్కడివాళ్లను అడిగింది.
అక్కడ మంచు. లారీ దిగగానే విప్పారట.
లోహం ఇంకా పద్దెనిమిది దగ్గరే ఉందట.
రెండు డిగ్రీల తొందర.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వుతుండగానే ఒక పాత మే నెల గొంతుకడ్డం పడింది:
కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే
గది ఇరవై రెండు చూపిస్తుంటే
నేనో చిన్న బుషింగును కొలిచి, 'సరి' అని రాశాను.
అది ఎక్కడ కూర్చుందో నాకు తెలీదు.

ఎయిర్‌పోర్టుకు వెళ్లే కారులో ఎలోదీకి చెప్పాను.
ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు.
నంబరు అడిగింది. రాసుకుంది.
ఏడు రాసి నడుముకు అడ్డగీత పెట్టింది,
ఒకటితో కలిసిపోకుండా.

మూడు నెలలైంది. జవాబు లేదు.

ఒకవైపు మూడువేల డిగ్రీల మంట,
జానెడు దూరంలో మైనస్ రెండువందల యాభై మూడులో హైడ్రోజన్.
వాటి నడుమ ఎక్కడో మా రింగు.
అక్కడ ఇరవై డిగ్రీలకు చోటే లేదు.
అది ఈ గదిలోనే ఉంది, ఆమె గదిలో ఉంది,
ఆ కారు వెనకసీట్లో కాసేపు ఉంది.

ఆరయింది. స్వెటర్ మేకుకు తగిలించాను.
నర్సాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే
వడగాలి నన్ను, ఏ కొలతకూ అందనంత,
కాస్త పెంచుతుంది.